డీజిలు పడవదా, అందరిదా

భావనపాడు,
6 ఆగస్టు 2017

గోవిందుకి మీ అమ్మమ్మ గురమ్మ చెప్పి రాయించినది.

బాగున్నావా అని అడగను. బాగున్నావు కాబట్టే ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా ఫోనులో అన్న మాట గాలికి పోతుంది, రేపు నలుగురిలో పెట్టడానికి మిగలదు. అందుకే మీ పద్మకుమారి అత్తను కూర్చోబెట్టి కాగితం మీద పెట్టిస్తున్నాను. అది ఇంటరు చదివింది కదా, నా మాటలన్నీ పుస్తకం మాటలు చేసేస్తోంది. చేసుకో, కోపం మాత్రం దిద్దకు అన్నాను.

సంగతి ఇది. మొన్న గురువారం వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఎండబోసి కాకుల్ని తోలుతుంటే ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ఒకడు ముందు, ఒకడు వెనక, మధ్యలో బండి పట్టేంత ఎడం. ముందువాడు ఫోను చూసి చదివాడు.

"గోవింద్, గురమ్మగారి ఇల్లు, భావనపాడు. ఇదేనేటమ్మా?"

"గురమ్మని నానే. ఏటి కావాల?"

"మీ సరుకు బాగునేదమ్మా."

చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న నాటి నుంచి ఆ మాట నాతో అన్నవాడు లేడు. "ఏ సంతలో కొన్నావు? ఏదీ, వాసన సూపించు" అన్నాను. వాడు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

అప్పుడు తెలిసింది నీ నిర్వాకం. పడవల వాళ్ళ వాటాల లెక్క ఏదో ఫోనులోకి ఎక్కించి వంద రూపాయలకి అమ్ముతున్నావట. చేప ఎంతకి పోయిందో, ఖర్చు ఎంతైందో నొక్కితే పడవకెంత, వలకెంత, మనిషికెంత అని అదే చెబుతుందట. వచ్చినవాళ్ళది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున పల్లె. ముందువాడు ఎర్రన్న, పడవ అతనిది. వెనకవాడు రాముడు, వల అతనిది. ఎర్రన్న చెల్లెలు గౌరినే రాముడు చేసుకున్నాడు. నీ లెక్క వచ్చిన దగ్గర్నుంచి రాముడికి తగ్గుతోంది, ఎర్రన్నకి పెరుగుతోంది. రాముడు తప్పంటాడు. ఎర్రన్న "ఫోను సెప్పింది" అంటాడు. బావా బావమరదులు మాటలు మానేశారు, పడవ ఇసకలో పడి ఉంది. న్యాయం అడగడానికి కూడా ఒకే బస్సెక్కి వేరే వేరే సీట్లలో కూర్చుని వచ్చారు.

నా ఇల్లు అందులో ఎవరు పెట్టమన్నారు? పెట్టావు కాబట్టి ఆ సరుకు ఇప్పుడు నాది. దాని పేరు చెడితే నా పేరు చెడినట్టు. నువ్వు వచ్చి ఆ పల్లెలో నిలబడి ఈ తగవు తీర్చు. వచ్చినవాళ్ళకి చెరో పొట్లం నెత్తళ్ళు ఇచ్చి పంపాను. సరుకు తేడా వస్తే కొసరు వెయ్యడం మన పద్ధతి.

గురమ్మ వేలిముద్ర (పొలుసు అంటుకుంది, దులుపుకుని చూడు)


విజయనగరం,
14 ఆగస్టు 2017

అమ్మమ్మకు నమస్కారాలు. అత్తా, ఇది ఆమెకు నెమ్మదిగా చదువు. మధ్యలో లేచిపోతే మళ్ళీ మొదటి నుంచి చదువు.

అమ్మమ్మా, ఇలాంటి యాప్‌లు అమ్మే పెద్ద కంపెనీ ఒకటి ఉంది. నాలాంటి వాళ్ళం సొంతంగా చేసిన సరుకు దాని అంగట్లో పెట్టుకుంటాం. డబ్బుకు అమ్మేవాడు తన చిరునామా అందరికీ కనిపించేలా పెట్టాలని దాని నియమం. నేను ఏడాదికో అద్దె గది మారుతున్నాను. మారని ఇల్లు నాకు తెలిసి నీదొక్కటే. ఫోనులో కొన్న వస్తువు కోసం ఎవరైనా బస్సెక్కి వస్తారని నేను అనుకోలేదు.

వందకు అమ్మితే కంపెనీ ముప్పై పట్టుకుని డెబ్బై నాకు వేస్తుంది. ఆపైన పన్నుల లెక్క నేను చూసుకోవాలి. జూలైలో జీఎస్టీ వచ్చింది. నాలాంటి చిన్నవాడు దానికి నంబరు తీసుకోవాలా అక్కర్లేదా అంటే, మా ఆడిటరు హరిబాబుగారు సోమవారం తీసుకోవాలన్నారు, గురువారం అక్కర్లేదన్నారు. ఈ కాగితాలతోనే నాకు తెల్లారుతోంది.

ఎర్రన్నగారి వంద ఆయనకు తిరిగి వెళ్ళిపోయేలా చేశాను. ఇక్కడి నుంచే నొక్కితే అయిపోయింది. దాని కోసం నేను రావక్కర్లేదు. తప్పుంటే తరవాత దిద్దుతాను. నువ్వు మాత్రం యాప్ కొన్నవాళ్ళకు ఎండుచేపలు ఇవ్వకు.

నీ మనవడు,
గోవింద్


భావనపాడు,
23 ఆగస్టు 2017

గోవిందుకి,

ముప్పై అన్న చోట అత్తను ఆపి మళ్ళీ చదివించాను. మళ్ళీ ముప్పయ్యే అంది.

మన ఒడ్డున వేలం పాట పాడి చేప అమ్మిపెట్టే అప్పలసూరి నూటికి ఐదు పట్టుకుంటాడు. ఆ ఐదుకే నేను అతన్ని తిట్టని రోజు లేదు. అయినా చెప్పాలి కదా, అతడు చీకటితో వస్తాడు. గొంతు పోయేలా అరుస్తాడు. కొన్నవాడు ఎగ్గొడితే తన మొలలోంచి తీసి మనకిస్తాడు. సర్కారు వేట ఆపేసే రెండు నెలలూ బియ్యం అప్పిస్తాడు. ఇంట్లో చావైతే ముందు వచ్చి వెనక వెళతాడు. నీ కంపెనీ అరుస్తుందా? ఎగ్గొడితే ఇస్తుందా? నేను పోతే వస్తుందా? వచ్చి పాడె మోస్తానంటే ఆ ముప్పై ఉంచమను.

అందుకని నేనొక ఏర్పాటు చేశాను. చేప పాటకి వెళ్ళేముందు కూరకని ఇంటికి తీసుకుంటామా లేదా? దాని మీద అప్పలసూరి కూడా చెయ్యి చాపడు. అది ఇంటి చేప. నీ సరుకు ఒకటి పద్మకుమారి కొని తన ఫోనులో పెట్టుకుంది. ఆ ఫోనులోంచి ఇంకో ఫోనులోకి తోలడం దానికి తెలుసు. దాన్ని టెక్కలి సంతలో నా తట్ట పక్కన కూర్చోబెట్టాను. డెబ్బై రూపాయలు, గుప్పెడు నెత్తళ్ళు కొసరు. నీ డెబ్బై నీకు వచ్చింది. కొన్నవాడికి ముప్పై మిగిలింది. ఒళ్ళు వంచనివాడికి ఏమీ రాలేదు. ఇందులో తప్పెక్కడుందో చూపించు. పడవలున్న వాళ్ళే కాదు, నెత్తళ్ళ కోసం వచ్చిన టీచరమ్మ కూడా ఒకటి వేయించుకుంది. కొసరు ఎక్కువ పడుతుందనుకుంది కాబోలు.

ఎర్రన్నకి వంద తిరిగొచ్చిందట. వచ్చి ఏం లాభం, పడవ ఇసకలోనే ఉంది. నేను డబ్బు తిరిగివ్వమన్నానా? రమ్మన్నాను.

గురమ్మ వేలిముద్ర

ఇది నా మాట గోవిందూ. నిన్ను ఒకసారి అడుగుదామన్నాను. "ఆడు ఫోనెత్తితే కదే" అంది. - పద్మకుమారి


విజయనగరం,
1 సెప్టెంబరు 2017

అమ్మమ్మా,

దండం పెడతాను, సంతలో అమ్మకం ఆపు.

టెక్కలిలో నీ దగ్గర తీసుకున్నవాడెవడో అంగట్లో నా యాప్ కింద అందరూ చదివేలా ఇలా రాశాడు: "ఇక్కడ వందకు కొనొద్దు. భావనపాడు మామ్మ డెబ్బైకే ఇస్తుంది, నెత్తళ్ళు ఉచితం, చాలా రుచి." అయిదుకు అయిదు చుక్కలూ వేశాడు. కంపెనీవాళ్ళు చూశారు. మా అంగడిలోకి వచ్చినవాళ్ళను బయటికి మళ్ళిస్తే నీ కొట్టు మూయిస్తామని హెచ్చరిక పంపారు. కొట్టు మూస్తే నాకు గది అద్దె కూడా రాదు.

హరిబాబుగారి దగ్గరకు వెళితే ఆయన వేరే భయం పెట్టారు. సంతలో అమ్మినదీ అమ్మకమేనట, దానికీ బిల్లులు ఉండాలట. ఎవరికి అమ్మావో పేర్లు కావాలన్నారు. కొసరు వేసిన ఎండుచేపలు ఏ పద్దు కింద రాయాలో తెలియక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. చివరికి ప్రచారం ఖర్చు అని రాద్దాం, నెత్తళ్ళకు మీ అమ్మమ్మ చేత ఒక బిల్లు రాయించుకురా అన్నారు.

నీ కోపం నాకు అర్థమైంది. ఆ వాటాల లెక్క నేను నీ దగ్గర విని నేర్చుకున్నదే. అందులో నీకు వాటా రావాలి, నేను మరిచిపోయాను. వల ఇచ్చినవాడికి ఒక వాటా కదా, అలాగే అనుకుని మనియార్డరు పంపుతున్నాను. ఇకముందు కూడా పంపుతాను. ఈ గొడవ ఇక్కడితో వదిలెయ్యి.

గోవింద్


భావనపాడు,
12 సెప్టెంబరు 2017

గోవిందూ,

మనియార్డరు తెచ్చిన పోస్టుమేనుని అట్నుంచటే పంపేశాను. పోనీ టీ అయినా ఇవ్వమంది అత్త. ఇయ్యలేదు.

మనవడి మీద వాటా కోసం కాగితాలు రాయించే మనిషినా నేను? పక్క వీధివాళ్ళు వింటే ఏమనుకుంటారు? రమ్మంటే డబ్బు పంపుతావు. మళ్ళీ రమ్మంటే మళ్ళీ డబ్బు పంపుతావు. నీకు చదువు చెప్పినవాళ్ళు రావడం అనే మాట నేర్పలేదా?

సంతలో అమ్మకం ఆపేశాను. అడిగినవాళ్ళకి "అది మా ఆడిటరుకి నచ్చలేదు" అని చెబుతున్నాను. ఆ పేరు వినగానే మారు మాట్లాడకుండా పోతున్నారు. నెత్తళ్ళకి బిల్లు మాత్రం రాయించను. గుప్పిట్లోంచి వేసినదానికి బిల్లేమిటి? మీ హరిబాబు వాళ్ళావిడ పక్కింటికి కూర పంపితే బిల్లు రాసి పంపుతుందా?

అసలు సంగతి విను. గౌరి నిన్న ఎవరి ఫోను నుంచో మాట్లాడింది. వేరావల్ పడవలకి కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ వాళ్ళ పల్లెకి వచ్చాడట. దీపావళి మర్నాడు రైలు. రాముడు వస్తానని అతని దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు. ఇక్కడ సొంత వల పెట్టుకుని, ఎక్కడో గుజరాతులో పరాయివాడి పడవ మీద నెలల తరబడి నీళ్ళలో ఉండడానికి వెళుతున్నాడు. అన్న ముఖం చూడలేక, మొగుణ్ణి ఆపలేక అది ఏడుస్తోంది. ఒకసారి అడ్వాన్సు పుచ్చుకుని వేరావల్ పోయినవాళ్ళు ఎలా తిరిగొస్తారో, ఎప్పుడొస్తారో నీకు నేను చెప్పాలా?

ఆ రైలు లోపల పడవ నీళ్ళలో పడాలి. నీ లెక్క డీజిలు దగ్గర ఏం చేస్తుందో నిజం రాయి. పద్మకుమారి నొక్కి చూపిస్తే నాకేదో తేడాగా ఉంది.

గురమ్మ వేలిముద్ర


విజయనగరం,
21 సెప్టెంబరు 2017

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే పెట్టాను. అదే నాకు అర్థం కావడం లేదు. మన భావనపాడులో మొత్తం డబ్బులోంచి ముందు పాట పాడినవాడి కమీషను పోతుంది. తరవాత డీజిలు, ఐసు అందరి డబ్బులోంచి పోతాయి. మిగిలింది పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొకటి. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని విన్నది అంతే. కావాలంటే పడవకు ఒకటికి బదులు రెండు వాటాలు పెట్టుకునే వీలు కూడా ఇచ్చాను. ఎర్రన్నగారు రెండు పెట్టుకున్నారు. అందులో తప్పేముంది?

ఇక నేనే విసిగిపోయాను. నా చేతికి వచ్చేది డెబ్బై అయినా వందకు అమ్మినట్టే లెక్క చూపాలంటున్నారు హరిబాబుగారు. ఆ ముప్పై నా ఖర్చు అని మళ్ళీ విడిగా రాయాలట, దానికి కంపెనీ ఇచ్చే బిల్లు వెతికి జత చెయ్యాలట. నా కంట పడని డబ్బుకు నేను జవాబు చెప్పాలి. హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. ఈ కొట్టు మూసేసి వెళ్ళిపోదామనుకుంటున్నాను.

ఆ పల్లెకు వచ్చి నేనేం చెయ్యను? వేట ఎరగనివాణ్ణి. వాళ్ళ మధ్య ఫోను పట్టుకుని నిలబడితే నవ్వుతారు.

గోవింద్


భావనపాడు,
4 అక్టోబరు 2017

గోవిందూ,

నువ్వు రాలేదు కాబట్టి నేనే వెళ్ళాను. మూడు బస్సులు మారి, శ్రీకూర్మం నుంచి ఆటో ఎక్కి వెళ్ళి ఆ పడవ పక్కన ఇసకలో చతికిలబడ్డాను. అటు ఎర్రన్న, ఇటు రాముడు, చుట్టూ ఊరు.

"మీ నాయిన నాడు డీజిలు ఎవులు పోసీవోరు?" అని అడిగాను.

ఎర్రన్న సముద్రం కేసి చూశాడు. రాముడే చెప్పాడు. "పడవోడే పోసీవోడు. అందుకే గదేటి, పడవకి రెండు వాటాలు."

అదీ సంగతి. మన ఒడ్డున పడవకి ఒకటే వాటా, డీజిలు అందరిదీ. వాళ్ళ ఒడ్డున పడవకి రెండు వాటాలు, డీజిలు పడవది. ఒడ్డుకో పద్ధతి. నువ్వు వాళ్ళ రెండు వాటాలూ పడవకి పెట్టి, మన డీజిలు లెక్క తెచ్చి అందులో కలిపావు. పడవ రెండు నోళ్ళతో తింటోంది, డీజిలు కూలివాళ్ళ నోట్లోంచి పోతోంది. నీ ముప్పై సంగతి కూడా అలాగే ఉంది, ముప్పై తినేవాడు తినేసి పోతే వందకీ నువ్వు లెక్క చెప్పడం.

"మరి తెలిసీ ఎందుకూరుకున్నావురా?" అన్నాను ఎర్రన్నతో.

"నానేటి సేసినాను? ఫోను సెప్పింది."

"ఫోను నీకు బావమరిదేట్రా, ఆడి మాట కాదని దాని మాట ఇన్నావు?"

ఊరంతా నవ్వింది. అక్కడే నేను తప్పు చేశాను. నవ్వేసరికి అతడు బిగుసుకుపోయాడు. రాముడు డబ్బు కూడా అడగలేదు. "డీజిలు నాదేనని ఆడి నోటితో ఒక్కసారి అనమను, మేస్త్రీ డబ్బు మేస్త్రీకి ఇచ్చీసి రేపే వలేస్తాను" అన్నాడు. ఎర్రన్న లేచి దులుపుకుని ఇంటికి పోయాడు.

అతడు చెడ్డవాడు కాదురా. అన్ని రోజులు ఊరందరి ముందు ఫోనే రైటు అని వాదించినవాడు, ఇవాళ నాది తప్పని ఎలా అంటాడు? చెట్టెక్కినవాడికి దిగడానికి నిచ్చెన కావాలి. ఆ నిచ్చెన నువ్వు. చేసినవాడివి నువ్వు వెళ్ళి, నలుగురిలో నిలబడి, తప్పు నాది, నా లెక్కది అను. అప్పుడు అతడు నిన్ను తిట్టుకుంటూ దిగుతాడు. మొదటి కాగితం నుంచీ నేను రమ్మంటున్నది అందుకే. నువ్వు వేట ఎరగవని నవ్వుతారంటావా? నవ్వనీ. వాళ్ళు నవ్వాలనే పంపుతున్నాను.

ఆ తరవాత కొట్టు మూసుకుంటావో, హైదరాబాదు పోతావో నీ ఇష్టం. దీపావళి దాటితే మాత్రం రావద్దు. అప్పుడొచ్చి రాముడు లేని ఇల్లు చూడాలి.

గురమ్మ వేలిముద్ర

మూడు రోజులుగా నడుం పట్టేసి మంచం మీదే ఉంది. నీకు రాయొద్దంది, రాశాను. - పద్మకుమారి


విజయనగరం,
17 అక్టోబరు 2017

అమ్మమ్మా,

ఆదివారం వెళ్ళి వచ్చాను. నడుం ఎలా ఉంది?

నువ్వు చెప్పినట్టే పడవ దగ్గర నిలబడి, "తప్పు నాది. మీ ఒడ్డు పద్ధతి తెలుసుకోకుండా మా ఒడ్డు లెక్క పెట్టేశాను. ఎర్రన్నగారి తప్పేమీ లేదు, నా యాప్ ఆయన్ని మోసం చేసింది" అన్నాను. ఎర్రన్నగారు ఒక్క క్షణం నా ముఖం చూశారు. తరవాత మొదలుపెట్టారు. అంత సంతోషంగా తిట్టేవాణ్ణి నేను చూడలేదు. "సేపకి తోకెటుంటాదో తెలీనోడివి మాకు వాటాలు సెప్తావేట్రా? నిన్నెవులు పెంచినార్రా? ఇలాటోడి మాటిని నా సెల్లి మొగుణ్ణి దూరం సేసుకున్నాను" అన్నారు. ఆ తిట్ల వరసలోనే, ఎవరూ అడగకుండా, "డీజిలు పడవదే, మా నాయిన నాటి నుంచీ పడవదే, ఈడెవుడు మార్చడానికి?" అన్నారు. రాముడు అప్పటికే వల భుజాన వేసుకున్నాడు.

పడవ నీళ్ళలోకి నెట్టడానికి నన్నూ పట్టమన్నారు. పట్టి, బోర్లా పడ్డాను. అందుకూ తిట్టారు. గౌరి వచ్చి లేపింది. మేస్త్రీ డబ్బు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశారు. రైల్లో రాముడి చోటు ఖాళీ.

ఇప్పుడు యాప్ తెరవగానే, డీజిలు పడవదా, అందరిదా అని ముందు అడుగుతుంది. ఇంకా ఎన్ని ఒడ్లలో ఎన్ని పద్ధతులున్నాయో తిరిగి తెలుసుకోవాలి. అందుకని హైదరాబాదు వాళ్ళకు రానని చెప్పేశాను. హరిబాబుగారు కూడా ఈసారి మూడు రోజులు ఒకే మాట మీద ఉన్నారు. చిరునామా మాత్రం తీసేయనా? నీకు ఇబ్బంది.

గోవింద్


భావనపాడు,
25 అక్టోబరు 2017

గోవిందూ,

నడుం బాగానే ఉంది. చిరునామా ఉండనీ. ఇప్పుడు చెరిపితే భయపడి పారిపోయారంటారు.

పడవ వెళ్ళిందని గౌరి చెప్పింది. కవళ్ళ చేపలు బాగా పడ్డాయట, బావా బావమరదులు ఒకే కంచంలో తింటున్నారట. సంతోషం. ఆ కేసు అయిపోయింది.

ఇది వేరే కేసు. నీ కాగితంలో ఎర్రన్న అన్న మాటలు అత్త చేత రెండుసార్లు చదివించాను. తిట్టించుకోమని నేనే పంపాను, కాదనను. నిచ్చెన దిగేవాడు రెండు మెట్లు తొక్కుతాడు, నాలుగు తొక్కుతాడు. నిన్నెవరు పెంచారని అడగడం ఏ మెట్టు? నా మనవడికి చేప తోక తెలియదంటాడా? అన్నం తినే వయసు నుంచి నువ్వు నా పక్కన కూర్చుని చేపలు వేరు చేశావు. నవ్వమన్నాను గాని, నా పెంపకాన్ని అనమన్నానా?

రేపు తెల్లారి బస్సుకి వెళుతున్నాను. పద్మకుమారి వద్దంటోంది, కాగితం మీద కూడా రాయనంటోంది. రాయవే అన్నాను. కంగారు పడకు, వాళ్ళ పని చెడగొట్టను. పడవ నీళ్ళలో ఉన్నంతసేపూ ఒడ్డున కూర్చుని ఉంటాను. వచ్చి, చేప అమ్ముకుని, వల దులుపుకుని, ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిననిస్తాను. చెయ్యి కడుక్కున్నాక అప్పుడంటాను.

గురమ్మ వేలిముద్ర